మెంటర్ కావాలా? ముందు ఒక చిన్న పని మొదలుపెట్టండి

సివిల్స్‌కి అశోక్‌నగర్ ఉంది. సాఫ్ట్‌వేర్ కోర్సులకు అమీర్‌పేట ఉంది. గ్రూప్స్‌కి ఏ పుస్తకం చదవాలో, ఏది చదవక్కర్లేదో చెప్పడానికి వీధికొక అన్నయ్య ఉంటాడు. ‘నేను వాతావరణ మార్పుల మీద పని చేస్తాను’ అని ఇంట్లో నోరు తెరిచిన పిల్లకి మాత్రం అలాంటి గల్లీ లేదు, అలాంటి అన్నయ్యా లేడు. ‘టీవీలో వాన కబుర్లు చెప్పే ఉద్యోగమా?’ అని నాన్న అడుగుతాడు. ‘సెమినార్‌కి మంచి టాపిక్కే’ అని లెక్చరర్ అంటారు. అమీర్‌పేటలో దీనికి ఇంకా బోర్డు పడలేదు. ‘నలభై రోజుల్లో క్లైమేట్ ఎక్స్‌పర్ట్’ అని ఎవరైనా ఫ్లెక్సీ కడితే మాత్రం ఆ మెట్లెక్కకండి.

ఈ రంగంలోకి రావాలనుకునే పిల్లలు మొదటి ఏడాది ఉత్సాహంగానే ఉంటారు. మొక్కలు నాటుతారు, చెరువు గట్టున ప్లాస్టిక్ ఏరుతారు, జూన్ 5న పర్యావరణ దినోత్సవ ర్యాలీలో ప్లకార్డు పట్టుకుంటారు. రెండో ఏడాదికి ‘తర్వాతేంటి?’ అన్న ప్రశ్న మొదలవుతుంది. దానికి జవాబు చెప్పే మనిషి దొరికినవాళ్లు నిలబడతారు. దొరకనివాళ్లు బ్యాంక్ కోచింగ్‌లో చేరతారు. తెలివితేటల్లో ఇద్దరికీ పెద్ద తేడా ఉండదు. అందుకే ఇక్కడ కోర్సుల పట్టిక ఇవ్వడం కంటే మనుషుల గురించి ఎక్కువ చెప్తాను. దారి చూపేవాళ్లను ఎక్కడ వెతకాలి, వాళ్ల దగ్గరికి ఏం పట్టుకుని వెళ్లాలి అన్నది విద్యార్థుల కోసం. ఏ సాయం నిజంగా అక్కరకొస్తుంది అన్నది అనుభవమున్న పెద్దల కోసం.

ఆ పేరుతో ఉద్యోగం కనబడదు

‘క్లైమేట్ జాబ్స్’ అని వెతికితే నిరాశే మిగులుతుంది. పని చాలానే ఉంది, కాకపోతే వేరే పేర్లతో ఉంది. సోలార్ ప్యానెళ్లు బిగించే ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేసేదీ ఈ పనే. కోటి ఇళ్ల పైకప్పుల మీద సోలార్ పెట్టాలని కేంద్రం 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం తెచ్చింది. ప్యానెల్ ఎక్కడ తయారైనా, బిగించేవాడూ రిపేరు చేసేవాడూ మన ఊళ్లోనే ఉండాలి. ఇంజినీర్లకు బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వారి ఎనర్జీ మేనేజర్, ఎనర్జీ ఆడిటర్ పరీక్షలున్నాయి. ఫ్యాక్టరీలో కరెంటూ బొగ్గూ ఎక్కడ వృథా అవుతున్నాయో పట్టుకోవడం ఆ ఆడిటర్ పని.

బీకాం, ఎంబీఏ వాళ్లు ఇక్కడ తమకు చోటు లేదనుకుంటారు. నా లెక్కలో ముందు వరసలో ఉన్నది వాళ్లే. స్టాక్ మార్కెట్‌లో నమోదైన మొదటి వెయ్యి పెద్ద కంపెనీలు 2022-23 నుంచి ఏటా బీఆర్‌ఎస్‌ఆర్ అనే నివేదిక ఇచ్చి తీరాలని సెబీ నిబంధన పెట్టింది. ఎంత కరెంటు వాడారు, ఎంత నీరు తోడారు, ఎంత కార్బన్ గాల్లోకి వదిలారు అన్నీ అందులో రాయాలి. యూరప్‌కి ఉక్కు, అల్యూమినియం, సిమెంటు ఎగుమతి చేసేవాళ్లకు ‘సీబామ్’ అనే కార్బన్ సుంకం 2026 జనవరి 1 నుంచి పూర్తిస్థాయిలో మొదలైంది. ఈ లెక్కలు కట్టాలంటే ఓచర్లు, బిల్లులు, మీటర్ రీడింగులు చదవడం తెలియాలి. ఉపన్యాసాలు తెలియక్కర్లేదు.

ఎండల సంగతి చూడండి. 2010 మే నెలలో అహ్మదాబాద్‌లో వడగాలులు వీచాయి. ఆ నెల మరణాల రిజిస్టర్లను అంతకుముందు, ఆ తర్వాత ఏళ్ల మే నెలలతో పోల్చి చూస్తే 1,344 మంది అదనంగా చనిపోయారని తర్వాత తేలింది. ఆ వడగాలుల తర్వాత 2013లో దక్షిణాసియాలోనే మొదటి హీట్ యాక్షన్ ప్లాన్ ఆ నగరంలో అమలైంది. డాక్టర్ దిలీప్ మావళంకర్ నాయకత్వంలోని గాంధీనగర్ ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ ఆ పనిలో ముందుంది. 2015 వేసవిలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వడదెబ్బ మరణాలు వెయ్యి దాటాయి. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. తెల్లగా వేసిన ఆ పైకప్పుల కింద గది నిజంగా ఎంత చల్లబడింది? మన మున్సిపాలిటీలో ఏ వార్డులో ఎండకు ఎక్కువమంది ఆస్పత్రి పాలవుతున్నారు? వీటికి జవాబు కావాలంటే స్టాటిస్టిక్స్, నర్సింగ్, సివిల్ ఇంజినీరింగ్ చదివిన పిల్లలు కావాలి.

ఎనర్జీ ఆడిట్ నేర్పేవారు వేరు, మరణాల రిజిస్టర్ చదవడం నేర్పేవారు వేరు. ఏ పనో తేలనంత వరకు ఎవరి దగ్గరికి వెళ్లాలో తేలదు. ‘పర్యావరణానికి ఏదైనా చేయాలి’ అన్న మాట దగ్గరే ఆగిన కుర్రాడికి ఎంత పెద్ద ప్రొఫెసర్ ఎదురైనా ‘మంచిది నాయనా’ అనడం తప్ప చేయగలిగింది లేదు.

పావగడ పాఠం

ఈ రంగంలో నేర్పడం, నేర్చుకోవడం ఎలా సాగుతుందో చెప్పడానికి నేను ఎప్పుడూ ఒక ఉదాహరణ ఎంచుకుంటాను. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సులోచనా గాడ్గీళ్ రుతుపవనాలను జీవితమంతా చదివారు. హార్వర్డ్‌లో అప్లైడ్ మ్యాథమెటిక్స్‌లో పీహెచ్‌డీ చేసి 1970లలో దేశానికి తిరిగొచ్చిన శాస్త్రవేత్త. 2025 జులైలో కన్నుమూశారు. రుతుపవన మేఘాల కదలిక మీద ఆమె చేసిన పని ప్రపంచమంతటికీ తెలుసు. మన వాళ్లకు తెలియాల్సింది మరొకటి ఉంది. అనంతపురం, దాని పక్కనే ఉన్న కర్ణాటకలోని పావగడ ప్రాంతంలో వర్షాధార వేరుశనగ మీద ఆమె చేసిన పని అది.

అక్కడి రైతుకు ఏటా ఒకటే చిక్కు. తొలకరికి పదును దొరకగానే విత్తనం వేయాలా, ఇంకో వానకు ఆగాలా? తొందరపడితే ఊడలు దిగే వేళకో, కాయ ఊరే వేళకో బెట్ట వస్తుంది. ఆగితే మళ్లీ పదును దొరుకుతుందో లేదో. ఈ ప్రశ్న కంప్యూటర్ మోడల్ పుట్టించింది కాదు, రైతులది. పావగడలో సేద్యం చేస్తూనే పరిశోధనలోనూ పాలుపంచుకున్న పి.ఆర్. శేషగిరిరావు ఆ బృందంలో ఉన్నారు. ఎన్నో ఏళ్ల వానల లెక్కలను పంట నమూనాలో పెట్టి వాళ్లు చూశారు. జూన్ చివరి నుంచి ఆగస్టు మధ్య దాకా రైతులు విత్తుతున్న ఆ కాలంలో, జులై మధ్య దాటాక వేస్తే పంట దెబ్బతినే ముప్పు తక్కువని తేలింది. ఆ ఫలితాలు 2002లో అగ్రికల్చరల్ సిస్టమ్స్ అనే అంతర్జాతీయ పత్రికలో వచ్చాయి.

ఇందులో ఎవరికి ఎవరు మెంటర్? గణితం తెలిసిన ప్రొఫెసర్‌కి ఏ ప్రశ్న అడగాలో పొలం నేర్పింది. పొలం తెలిసినవాళ్లకు పాత వానలను ఎలా చదవాలో గణితం నేర్పింది. మన పిల్లలు ఈ పనిని రెండువైపుల నుంచీ చూడాలి. అనంతపురం, మహబూబ్‌నగర్, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన విద్యార్థి ‘నాకు ఇంగ్లిష్ సరిగ్గా రాదు, నేనేం రీసెర్చ్ చేస్తాను?’ అని ముడుచుకుపోతాడు. వాళ్ల తాత మూడు కార్తెల వాన చూసి ఏ విత్తనం వేయాలో చెప్పగలడు. ఆ ఇంట్లో పుట్టడం అర్హతే. సంస్థలో ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు సర్టిఫికెట్ల కట్టతో పాటు ఆ సంగతీ చెప్పండి. ఎదుటివారు శాస్త్రవేత్త అయితే కుర్చీలో ముందుకు జరిగి వింటారు.

నేర్పేవాళ్లు కోటు వేసుకునే ఉండాలనేం లేదు

ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి నడుస్తున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమాన్ని దగ్గర నుంచి చూసినవాళ్లకు ఒకటి అర్థమవుతుంది. రైతు సాధికార సంస్థ కింద నడిచే ఈ పనిలో రైతుకు నేర్పేది రైతే. ఘనజీవామృతం కలపడం, తొలకరికి ముందే పొడి నేలలో నవధాన్యాలు చల్లే పీఎండీఎస్ పద్ధతి, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి వేసి రోజూ కొంత చేతికొచ్చేలా చేసే ‘ఏటీఎం’ మడి, ఇవన్నీ ఒక మహిళా సంఘం నుంచి ఇంకో సంఘానికి మాటల్లో, చేతల్లో వెళ్లాయి. వ్యవసాయ డిగ్రీ చేసిన పిల్లలను నేచురల్ ఫార్మింగ్ ఫెలోలుగా తీసుకుని ఊళ్లలో ఉంచారు. సలహాలిచ్చి సాయంత్రం బస్సెక్కే ఉద్యోగం కాదిది. అక్కడే ఉండి, ఒక చెక్కలో తామూ సేద్యం చేయాలి. నాలుగేళ్లు బీఎస్సీ అగ్రికల్చర్ చదివిన అమ్మాయికి ఐదో తరగతి దాకా చదివిన రైతమ్మ మెంటర్. 2024లో పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ ప్రైజ్ ఫర్ హ్యుమానిటీ ఈ కార్యక్రమానికి వచ్చినప్పుడు సంస్థ తరఫున తల్లం విజయ్‌కుమార్‌తో పాటు రైతు నెట్టెం నాగేంద్రమ్మ కూడా ముందు నిలబడ్డారు. మట్టి శాస్త్రవేత్త రతన్ లాల్, ఈజిప్టుకి చెందిన సెకెమ్ సంస్థ ఆ బహుమతిలో భాగస్థులు.

ఒడిశా సుందర్‌గఢ్‌కు చెందిన ఖడియా ఆదివాసీ యువతి అర్చనా సొరెంగ్‌ను 2020లో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి తన యువ సలహా బృందంలోకి తీసుకున్నారు. ప్రపంచం మొత్తం మీద ఎంపికైన ఏడుగురిలో ఆమె ఒకరు. ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో చదివారు, భువనేశ్వర్‌లోని వసుంధర సంస్థలో అటవీ హక్కుల మీద పని చేశారు. ఆమెను అడిగితే మాత్రం కథ ఊరి నుంచి మొదలవుతుంది. తాత ఊరి అడవిని కాపాడటంలో ముందున్నవారు, తండ్రి నాటువైద్యం తెలిసినవారు. తండ్రి పోయాక, పెద్దవాళ్లతో పాటే వాళ్ల జ్ఞానం కూడా పోతోందని గుర్తించి దాన్ని రాసిపెట్టడం మొదలెట్టారు. ఐక్యరాజ్యసమితి దాకా తీసుకెళ్లింది ఆ రాతే. అరకు, ఉట్నూరు, భద్రాచలం పిల్లలు ఈ సంగతి గమనించాలి.

ఒక్కరి మీదే భారం వేయకండి

మనకు గురువు అంటే ఒక్కరే ఉండాలని, అన్నీ ఆయనే చెప్పాలని ఒక అలవాటు. ఈ పనికి అది నప్పదు. డేటా ఎక్కడ దొరుకుతుందో చెప్పేవారొకరు, రాసింది చదివి ఎర్రగీతలు పెట్టేవారొకరు, ఇంట్లో వాళ్లకు సర్దిచెప్పేవారొకరు ఉండాలి. రెండేళ్లు ముందున్న సీనియర్ కూడా ఒకరు కావాలి. ప్రొఫెసర్‌కి ఉద్యోగం దొరికి ఇరవై ఏళ్లయింది. నిరుడు ఉద్యోగం దొరికిన అమ్మాయికే ఇప్పటి ఇంటర్వ్యూలో ఏం అడుగుతున్నారో తెలుసు.

తెలుగువాళ్లకు ఒక అదృష్టం ఉంది, వాడుకోవడం తక్కువ. సముద్రంలో చేపలు దొరికే చోట్లు చెప్పి, సునామీ హెచ్చరికలిచ్చే ఇంకాయిస్ హైదరాబాద్‌లో ఉంది. ఉపగ్రహ చిత్రాలు అందించే ఎన్‌ఆర్‌ఎస్‌సీ హైదరాబాద్‌లో ఉంది. మెట్ట సేద్యాన్ని పరిశోధించే క్రిడా సంతోష్‌నగర్‌లో, ఇక్రిశాట్ పటాన్‌చెరులో ఉన్నాయి. ఆంధ్రా యూనివర్సిటీలో మీటియరాలజీ, ఓషనోగ్రఫీ విభాగం దశాబ్దాలుగా ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో భూమి, సముద్రం, వాతావరణం మీద ప్రత్యేక కేంద్రం, హైదరాబాద్ ఐఐటీలో క్లైమేట్ ఛేంజ్ విభాగం, తిరుపతి ఐసర్‌లో ఎర్త్ అండ్ క్లైమేట్ సైన్సెస్ ఉన్నాయి. ఇంత దగ్గరున్న తలుపులను మన డిగ్రీ కాలేజీల పిల్లలు తట్టేది చాలా తక్కువ. తీరంలో మత్స్యకారులకు సముద్రం సూచనలు వాళ్ల మాటలో చెప్పగల మనిషి ఇలాంటి సంస్థలకు కావాలి.

మన భాష కూడా ఇక్కడ పనికొచ్చే చదువే. తిరుపతికి చెందిన సాయి ప్రణీత్ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్. రకరకాల చోట్ల నుంచి వాతావరణ సమాచారం పోగేసి, విశ్లేషించి, జనానికి వాళ్ల భాషలో చెప్పడం మొదలుపెట్టారు. ‘ఆంధ్రప్రదేశ్ వెదర్‌మ్యాన్’గా పేరొచ్చింది. 2021 జులై ‘మన్ కీ బాత్’లో ప్రధాని ఆయన పేరెత్తారు. ముందు ఉద్యోగం, తర్వాత ఇష్టం అనుకునేవాళ్లకు ఇదీ ఒక దారే. ఉద్యోగం మానక్కర్లేదు.

పెద్దలకు రెండు మాటలు

ఈ పేజీ చదివే లెక్చరర్లు, రిటైరైన ఇంజినీర్లు, అధికారులు, డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న మన సాఫ్ట్‌వేర్ వాళ్లు ఉంటారు. ‘పిల్లలకు స్ఫూర్తి కలిగించాలి’ అని మైకు పట్టుకోకండి. స్ఫూర్తి వాళ్ల దగ్గర మీకంటే ఎక్కువే ఉంది. వాళ్ల దగ్గర లేనివి బస్సు ఛార్జీ, పరిచయాలు, ఒక ఆఫీసులో ‘ఈ అమ్మాయికి ఆ రిజిస్టర్ చూపించండి’ అని చెప్పే ఒక్క ఫోన్ కాల్. పొల్యూషన్ కంట్రోల్ బోర్డులో పని చేసి రిటైరైన ఇంజినీరుకు, ఊరి దగ్గర రాబోతున్న ఫ్యాక్టరీ పర్యావరణ నివేదికలో ఏ పేజీ ముందు చదవాలో తెలుసు. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా (ఈఐఏ) నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు ముందు ఆ నివేదిక సారాంశం స్థానిక భాషలో అందుబాటులో ఉంచాలి. ఒక ఆదివారం పూట నలుగురు కుర్రాళ్లను కూర్చోబెట్టి అది చదవడం నేర్పితే, పది సెమినార్ల పెట్టు.

బంగ్లాదేశ్ శాస్త్రవేత్త సలీముల్ హక్ 2023 అక్టోబర్‌లో చనిపోయినప్పుడు నివాళులు రాసినవాళ్లలో ఆయన చేయి పట్టుకుని పైకొచ్చిన యువతీయువకులు చాలామంది ఉన్నారు. ఢాకాలో ఐసీసీసీఏడీ అనే సంస్థ పెట్టి, పేద దేశాల నుంచి అంతర్జాతీయ వాతావరణ సదస్సులకు వెళ్లే కొత్తవాళ్లకు తర్ఫీదిచ్చారు. ఆ సదస్సుల్లో ఏ గదిలో ఏం జరుగుతుందో, ఏ వాక్యంలో ఏ పదం మారితే ఎవరికి నష్టమో పుస్తకాల్లో దొరకదు. పక్కన కూర్చుని చూపించేవాళ్లు కావాలి. వాతావరణ విపత్తుల వల్ల జరిగే నష్టానికి పేద దేశాలకు పరిహార నిధి కావాలని ఆయన ఏళ్ల తరబడి పోరాడారు. 2022లో ఈజిప్టు సదస్సులో ఆ నిధికి ఒప్పుకోలు వచ్చేనాటికి, ఆ పోరాటాన్ని కొనసాగించగల తరం ఒకటి తయారై ఉంది.

బడి టీచర్లకైతే కేరళలోని కొట్టాయం జిల్లా చూపిస్తాను. మీనచిల్ నది వెంబడి స్థానికులు, బడి పిల్లలు వానమాపకాలు పెట్టుకుని రోజూ కొలతలు తీస్తారు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ (ఐఐటీఎం) శాస్త్రవేత్త రాక్సీ మాథ్యూ కోల్ వాళ్లకు అండగా నిలిచారు. పైన కొండల్లో ఎంత కురిసిందో తెలిస్తే కింద ఊరికి ముందే కబురు పంపొచ్చు. వానమాపకానికి ఖర్చు తక్కువ. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకి చూడటమే కష్టం. ఆ క్రమశిక్షణ పట్టుబడిన పిల్లకి తర్వాత ఏ ల్యాబ్‌లోనైనా చోటుంటుంది.

ఇంకొక్క సంగతి నిష్ఠూరమైనా చెప్పాలి. విద్యార్థి తెచ్చిన లెక్కలతో మీరు పత్రం రాస్తే అందులో ఆ విద్యార్థి పేరు ఉండాలి. సభకు పిలిచి, ఆకుపచ్చ టీషర్టు వేయించి, మంత్రిగారి పక్కన ఫొటో తీసి పంపేయడాన్ని ప్రోత్సాహం అనరు. పని చేయించుకుంటే స్టైపెండ్ ఇవ్వండి. ఉచిత ఇంటర్న్‌షిప్ చేయగలిగేది ఇంట్లో డబ్బున్న పిల్లలే. అలా అయితే తుపానుకు ఇల్లు కొట్టుకుపోయిన ఊరి పిల్ల ఈ రంగంలోకి ఎన్నటికీ రాదు.

వీటికి దూరంగా

‘గ్లోబల్ క్లైమేట్ అంబాసిడర్’గా ఎంపికయ్యారు, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి అని మెయిల్ వస్తే తెరిచి చూడక్కర్లేదు. నిజంగా ఎంపిక చేసేవాళ్లు మీకు డబ్బిస్తారు, మీ దగ్గర తీసుకోరు. వెబినార్ సర్టిఫికెట్లు ఇరవై ఉన్న రెజ్యూమె కంటే, ఒక చెరువులో రెండేళ్ల నీటిమట్టం రాసిన నోట్‌బుక్ బరువెక్కువ. మొక్క నాటిన ఫొటోలు అందరి దగ్గరా ఉంటాయి. ఆ మొక్క ఇప్పుడెలా ఉందని అడిగితే ఫోన్లు జేబులోకి వెళ్తాయి.

దిగులు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో ఎవరూ దీన్ని నమ్మరు. 2021లో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రికలో ఒక సర్వే వచ్చింది. భారత్ సహా 10 దేశాల్లో 16 నుంచి 25 ఏళ్ల మధ్య వయసున్న 10,000 మందిని అడిగితే 59 శాతం మంది వాతావరణ మార్పుల గురించి చాలా ఎక్కువగా ఆందోళన పడుతున్నామన్నారు. ఆ దిగులు రోజువారీ పనుల మీద పడుతోందని 45 శాతానికి పైగా చెప్పారు. ఈ పనిలో ఉన్నవాళ్లు చెడ్డ వార్తల మధ్యే బతకాలి. వారానికి ఒకరోజు ఆ గ్రాఫులు మూసేసి క్రికెట్ ఆడమని చెప్పే పెద్దమనిషి కూడా మెంటరే. నిద్ర పట్టనంత ఉంటే డాక్టర్‌ని కలవండి, అందులో సిగ్గుపడాల్సింది లేదు.

డబ్బు, గడువు

ఇంట్లో అడిగే మొదటి ప్రశ్న ఇదే కాబట్టి సూటిగా చెప్తున్నాను. కంపెనీల కార్బన్ లెక్కలు, ఎనర్జీ ఆడిట్, సోలార్ వైపు జీతాలు మిగతా కార్పొరేట్ ఉద్యోగాల్లాగే ఉంటాయి. స్వచ్ఛంద సంస్థల్లో, పరిశోధనలో మొదటి నాలుగైదేళ్లు చేతికి తక్కువొస్తుంది. చదువు అప్పు నెత్తిన ఉన్నవాళ్లు ముందు ఒక కంపెనీలో చేరి, అప్పు తీర్చుకుని ఇటు రావడం తప్పేం కాదు. గ్రామంలో పని నచ్చుతుందో లేదో తేల్చుకోవాలంటే స్టైపెండ్‌తో దొరికే దారులున్నాయి. ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియా ఫెలోషిప్ 13 నెలలు పల్లెలోనే ఉంచుతుంది. ప్రదాన్ సంస్థ అప్రెంటిస్‌షిప్ ఇస్తుంది. సైన్స్ వైపు వెళ్లాలనుకునే డిగ్రీ, పీజీ పిల్లలకు దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ మంచి తలుపు. రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పని చేయొచ్చు. వేసవికి దరఖాస్తులు ముందటి చలికాలానికే ముగుస్తాయి. మేలో గుర్తొస్తే లాభం లేదు.

ఉత్తరం ఎలా రాయాలి

శాస్త్రవేత్తలకు రోజూ వచ్చే మెయిల్ ఇలా ఉంటుంది: ‘గౌరవనీయులైన సర్, నాకు చిన్నప్పటి నుంచి పర్యావరణం అంటే ప్రాణం. మీలాంటి మహానుభావుల మార్గదర్శకత్వంలో పని చేయాలని నా కోరిక. దయచేసి నాకు అవకాశం ఇవ్వగలరు.’ కింద ఆరు పేజీల రెజ్యూమె. అదే ఉత్తరం పేరు మార్చి మరో నలభై మందికి వెళ్లిందని చదివేవారికి ఇట్టే తెలుస్తుంది. జవాబు రాదు. వాళ్లకు పొగరని కాదు. ఏమని జవాబివ్వాలో అందులో లేదు.

ఇప్పుడు ఇది చూడండి:

‘మేడమ్ గారికి నమస్కారం. మాది అనంతపురం జిల్లా శింగనమల మండలం. బీఎస్సీ రెండో ఏడాది చదువుతున్నాను. వాతావరణ శాఖ పుణె ఆఫీసు ఉచితంగా ఇస్తున్న రోజువారీ వాన డేటా తీసుకుని, మా ప్రాంతంలో 1991 నుంచి 2020 దాకా జులైలో వాన రోజులు ఏ ఏడాది ఎన్నో లెక్కించాను. 2.5 మిల్లీమీటర్లు దాటితేనే వాన రోజుగా తీసుకున్నాను. పట్టిక జత చేశాను. ఒక సందేహం ఉంది. ఆ డేటాలో ఒక గడి దాదాపు 27 కిలోమీటర్ల మేర ఉంటుంది. మా మండలంలోని రెయిన్‌గేజ్ లెక్కతో పోలిస్తే కొన్ని రోజులు కలవడం లేదు. మా నాన్నకు విత్తనం సమయం చెప్పాలంటే రెండింటిలో దేన్ని నమ్మాలి? ఏ పేపర్ చదివితే ఇది అర్థమవుతుందో చెప్పినా చాలు.’

ఈ ఉత్తరంలో పని ఉంది, ఎక్కడ ఆగిందో ఉంది, జవాబు రెండు వాక్యాల్లో ఇవ్వగల ప్రశ్న ఉంది. ‘నాకు మెంటర్‌గా ఉండండి’ అన్న మాట ఎక్కడా లేదు. ఆ డేటా 1901 నుంచి అందుబాటులో ఉంది. తెలంగాణ వాళ్లకైతే రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సొసైటీ ఆటోమేటిక్ వెదర్ స్టేషన్లు వెయ్యికి పైగా ఉన్నాయి. ఎన్‌ఆర్‌ఎస్‌సీ వారి ‘భువన్’లో ఉపగ్రహ చిత్రాలు ఉచితం. మొదలుపెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎక్సెల్ వస్తే చాలు. ఇంగ్లిష్ తడబడితే ముందు తెలుగులో రాసుకోండి. విషయం తేటగా ఉంటే వ్యాకరణం తప్పుల్ని ఏ శాస్త్రవేత్తా పట్టించుకోరు.

జవాబొస్తే, వాళ్లు చెప్పిన పేపర్ చదివి, పది రోజుల్లో ఏం అర్థమైందో తిరిగి రాయండి. చాలామంది ‘థాంక్యూ మేడమ్’ దగ్గర ఆగిపోతారు. రెండో ఉత్తరం రాసినవాళ్లే వాళ్లకు గుర్తుంటారు. జవాబు రాకపోతే రెండు వారాలు చూసి మరోసారి గుర్తు చేయండి. అప్పటికీ రాకపోతే పెద్దవారిని వదిలేయండి. ఆ సంస్థ వెబ్‌సైట్‌లోనే వాళ్ల దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న పిల్లల పేర్లుంటాయి. ఆ ఉత్తరాన్నే వాళ్లలో ఒకరికి పంపండి. వాళ్లు త్వరగానే బదులిస్తారు. రెయిన్‌గేజ్ లెక్కకీ గ్రిడ్ లెక్కకీ పొంతన కుదరక తల పట్టుకుని ఉన్నది అప్పటికి వాళ్లే కాబట్టి.